ఆలోచన ఆపేదెప్పుడు? చదరంగం యంత్రాల గడియారం తిప్పలు

కోల్‌కతాలో 2018లో మొదలైన టాటా స్టీల్ చెస్ ఇండియా పోటీల్లో కొన్నేళ్లుగా ర్యాపిడ్ ఆటకు ఒక్కొక్కరికి 25 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 10 సెకన్ల అదనం. బ్లిట్జ్‌కైతే 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు. 2021లో అక్కడ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి. మరుసటేడు బ్లిట్జ్ కూడా అతనిదే.

ఇలాంటి ఆటలు ఫోన్‌లో చూసేవాళ్లకు బోర్డు పక్కన ఒక నిలువు గీత కనిపిస్తుంది. తెలుపుది పైచేయా, నలుపుదా అని ఇంజిన్, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాం, చెప్పే అంచనా అది. సర్వజ్ఞుడిలా తీర్పులిచ్చే ఆ ఇంజిన్‌కు అక్కడ గడియారం లేదు. ఇంకో ఇంజిన్‌తో తలపడితే మాత్రం దానికీ సమయం అయిపోయి ఫ్లాగ్ పడుతుంది, దానికీ టైమ్ ట్రబుల్ వస్తుంది. సెకనుకు కోట్ల పొజిషన్లు చూడగల యంత్రానికి ఏ ఎత్తు వేయాలన్నది సగం ప్రశ్నే. ఎంతసేపు చూసి ఆపేయాలన్నది మిగతా సగం. ఆ రెండో సగంలో పుట్టిన విశేషాలివి.

✦ కోల్‌కతా చదరంగం వయసు చెస్ గడియారం వయసు కన్నా ఎక్కువ. కలకత్తా చెస్ క్లబ్ 1850 నాటిది. అక్కడ బారిస్టరుగా ఉన్న స్కాట్లండ్ మనిషి జాన్ కాక్రేన్‌కు మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఆటగాడు దొరికాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఆడారు. చెస్ పుస్తకాల్లో ఇప్పటికీ ‘కాక్రేన్ గాంబిట్’ పేరుతో ఉన్న గుర్రం బలి 1848లో కలకత్తాలో మహేశ్‌చంద్ర మీద వేసిందే. మన పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. ఆ అలవాటుతో మహేశ్‌చంద్ర ఆడిన తీరు యూరప్ వాళ్లకు వింతగా తోచింది. తర్వాతి కాలంలో వచ్చిన ‘ఇండియన్ డిఫెన్స్’ అన్న పేరు వెనక ఆయన ఆటలే ఉన్నాయంటారు. కోల్‌కతావాడే అయిన సత్యజిత్ రాయ్ 1977లో తీసిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో ఒక పాత్ర ఈ తేడానే ప్రస్తావిస్తుంది. తెల్లవాళ్ల పద్ధతిలో ఆట తొందరగా తెమిలిపోతుందని.

కాక్రేన్, మహేశ్‌చంద్రల ముందు గడియారం ఉండే ప్రశ్నే లేదు. 1861లో లండన్‌లో అండర్సన్, కోలిష్ ఆడిన మ్యాచ్‌లో ఇసుక గడియారాలు పెట్టారు. 1883 లండన్ టోర్నమెంటులో మాంచెస్టర్‌కు చెందిన థామస్ బ్రైట్ విల్సన్ రూపొందించిన జంట గడియారం వచ్చింది. ఒకటి ఆగితే రెండోది నడుస్తుంది. ఎత్తుకింత అని సమయం కలిపే పద్ధతికి బాబీ ఫిషర్ 1980ల చివర్లో పేటెంట్ తీసుకున్నాడు. 1992లో స్పాస్కీతో ఆడిన మ్యాచ్‌లో వాడి చూపించాడు. ఇంజిన్లు ఆడే ఆటల్లో ఇప్పుడు ఎక్కువగా నడిచేది ఈ పద్ధతే.

✦ మొదటి చదరంగం ప్రోగ్రాములకు కంప్యూటరే లేదు. 1952లో అలాన్ ట్యూరింగ్ తన ప్రోగ్రామును కాగితం మీద చేత్తో నడిపించి, మాంచెస్టర్‌లో అలిక్ గ్లెనీతో ఒక ఆట ఆడించాడు. ఒక్కో ఎత్తుకు అరగంట దాకా పట్టింది. 29 ఎత్తుల్లో ప్రోగ్రాం ఓడిపోయింది. 1956లో లాస్ అలమోస్‌లోని మానియాక్ యంత్రం కోసం బోర్డునే 6×6 గడులకు కుదించారు. అయినా ఎత్తుకు 12 నిమిషాలు. ఆ తర్వాత ఐబీఎం 704 మీద అలెక్స్ బెర్న్‌స్టీన్ బృందం పూర్తి బోర్డు మీద ఆడించింది, ఎత్తుకు సుమారు 8 నిమిషాలతో.

✦ యంత్రంతో యంత్రం ఆడిన తొలి పెద్ద మ్యాచ్‌లో గడియారానికి పనే లేదు. 1966 నవంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ప్రోగ్రాం, మాస్కోలోని ఐటీఈపీ సంస్థ ప్రోగ్రాం టెలిగ్రాఫ్ మీద ఎత్తులు పంపుకుంటూ నాలుగు ఆటలు మొదలుపెట్టాయి. తొమ్మిది నెలలు సాగింది. సోవియట్ యంత్రం 3-1తో గెలిచింది. ప్రచ్ఛన్న యుద్ధం రోజులు కాబట్టి ఫలితం గురించి చాలామంది చాలా చెప్పారు. నాకు మాత్రం ఆ తొమ్మిది నెలలే ముచ్చటగా అనిపిస్తాయి.

✦ ఆ తరం ప్రోగ్రాములకు ‘మూడు ఎత్తుల లోతు చూడు’, ‘ఐదు ఎత్తుల లోతు చూడు’ అని ముందే చెప్పేసేవారు. ఎంత లోతో తెలుసు, ఎంతసేపో తెలియదు. ఆట నడుమ, బోర్డు నిండా పావులున్నప్పుడు, ఒక పొజిషన్‌లో సగటున 35 దాకా ఎత్తులుంటాయి. అప్పుడు ఐదు లోతంటే యంత్రం నీరసించిపోతుంది. చివర్లో రాజు, రెండు బంట్లు మిగిలినప్పుడు అదే లోతు చిటికెలో అయిపోతుంది, కానీ అప్పుడు ఇంకా లోతు చూడాల్సింది.

దీనికి విరుగుడును 1970లలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ల చెస్ 4.x ప్రోగ్రాములు ప్రచారంలోకి తెచ్చాయి. డేవిడ్ స్లేట్, లారీ అట్కిన్ రాసిన ప్రోగ్రాములవి. ముందు ఒక ఎత్తు లోతు చూడు, జవాబు దగ్గర పెట్టుకో. మళ్లీ మొదటి నుంచి రెండు లోతు చూడు. మళ్లీ మూడు. గడియారం ఎప్పుడు ఆపమంటే అప్పుడు చేతిలో ఉన్న జవాబు వేసెయ్. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం దండగ కదా అనిపిస్తుంది. అసలు చమత్కారం అక్కడే ఉంది. ఆల్ఫా-బీటా అనే పద్ధతిలో మంచి ఎత్తును ముందు చూస్తే, పనికిరాని కొమ్మలను చూడకుండానే నరికేయొచ్చు. ఏది మంచి ఎత్తో కిందటి లోతు అప్పటికే చెప్పేసి ఉంటుంది కాబట్టి, మొదటి నుంచి మొదలెట్టడమే చాలాసార్లు త్వరగా తేలుతుంది. యాభై ఏళ్లయినా స్టాక్‌ఫిష్‌తో సహా ఇవాళ్టి ఇంజిన్లు ఎక్కువగా ఈ బాటలోనే నడుస్తున్నాయి.

ఇంకో చిన్న లెక్క కూడా దీని నుంచే వచ్చింది. కొత్త లోతుకు పట్టే సమయం అంతకు ముందు లోతులన్నిటికీ కలిపి పట్టినదానికన్నా ఎక్కువగా ఉండేది. అందుకే ఎత్తుకు కేటాయించిన సమయంలో సగం దాటాక కొత్త లోతు మొదలుపెట్టకపోవడమే మేలని పాత ప్రోగ్రాములు చాలావరకు నేర్చుకున్నాయి. సగంలో ఆపేస్తే ఆ శ్రమలో ఎక్కువ భాగం వృథా.

✦ కోల్‌కతా ఈ కథలోకి ఆటగాళ్ల వైపు నుంచే కాదు, లెక్కల వైపు నుంచి కూడా వస్తుంది. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్, హెచ్‌ఈసీ-2ఎం, 1955లో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు, డైమండ్ హార్బర్ రోడ్డు మీద జోకాలో ఉన్న ఐఐఎం కలకత్తాలో, మేనేజ్‌మెంట్ చదువుల నడుమ, కొందరు అధ్యాపకులు ఆటల చెట్లను ఎలా వెతకాలన్న సమస్య పట్టుకున్నారు.

విషయం ఇదీ. 1979లో జార్జ్ స్టాక్‌మన్ ఎస్‌ఎస్‌ఎస్-స్టార్ అనే పద్ధతి ప్రకటించాడు. ఆల్ఫా-బీటా కన్నా తక్కువ పొజిషన్లు చూసి అదే జవాబు చెప్పగలదు. కాగితం మీద అద్భుతం. తీరా యంత్రం మీద పెడితే, చూసినవన్నీ ఒక జాబితాలో గుర్తు పెట్టుకోవాలి, ఆ జాబితాను ఎప్పటికప్పుడు వరుసలో ఉంచాలి. జ్ఞాపకం చాలదు, జాబితా సర్దడానికే కాలం హరించుకుపోతుంది. 1986లో ఫిలడెల్ఫియాలో జరిగిన ఏఏఏఐ కృత్రిమ మేధ సదస్సులో ఐఐఎం కలకత్తాకు చెందిన సుబీర్ భట్టాచార్య, అమితావ బాగ్చి ఒక పత్రం సమర్పించారు. ఉన్న జ్ఞాపకం ఎంతైతే అంతలో ఆట చెట్టును ఎంత బాగా వెతకొచ్చో చెప్పే పత్రం అది. తర్వాతి సంవత్సరాల్లో ఇదే దారిలో ఇంకా పత్రాలు వచ్చాయి. 1990ల మధ్యలో నెదర్లాండ్స్‌కు చెందిన ఆస్కె ప్లాట్ బృందం ఎస్‌ఎస్‌ఎస్-స్టార్ నిజానికి ఆల్ఫా-బీటానే పదేపదే పిలిచే ఒక రూపమని తేల్చి చెప్పేదాకా ఆ చర్చ సాగింది.

చెస్ ఇంజిన్ల చరిత్ర రాసేవాళ్లు డీప్ బ్లూ దగ్గర పేజీలు నింపుతారు, జోకా దగ్గర ఆగరు. గెలిచిన యంత్రంలోకి నేరుగా ఎక్కని పనిని చరిత్ర సులువుగా దాటేస్తుంది. జ్ఞాపకం పెంచితే కాలం తగ్గుతుందా, కాలం మిగిలితే జ్ఞాపకం చాలుతుందా అన్న బేరం మాత్రం ప్రతి ఇంజిన్ లోపలా ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

✦ ఉన్న సమయాన్ని ఎత్తులకు సమానంగా పంచడం తెలివితక్కువ పని. క్రే బ్లిట్జ్ ప్రోగ్రాంతో 1983, 1986 ప్రపంచ కంప్యూటర్ చెస్ టైటిళ్లు గెలిచిన రాబర్ట్ హయట్ 1984లోనే సమయం వాడకం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. ఆయన పేరుతో చెప్పుకునే సూత్రంలో ఓపెనింగ్ పుస్తకం అయిపోయాక వచ్చే తొలి ఎత్తుకు దాదాపు రెట్టింపు సమయం. తర్వాతి పది ఎత్తుల్లో అది మెల్లగా మామూలు వాటాకు దిగుతుంది. ఆట దారి తిరిగేది అక్కడేనన్నది ఆలోచన. అక్కడ ఎక్కువ వాడేసినా ఫరవాలేదనే ధీమాకు ఇంకో కారణం ఉంది, అది పక్క విశేషంలో.

✦ ఎదుటివాడి గడియారం తిరుగుతున్నప్పుడు మన ఇంజిన్ ఖాళీగా కూర్చోదు. ఎదుటివాడు వేయబోయే ఎత్తు ఇదే అని ఊహించుకుని, అది వేసేసినట్టే జవాబు వెతకడం మొదలుపెడుతుంది. దీన్ని పాండరింగ్ అంటారు. ఊహ నిజమైతే అంతసేపటి ఆలోచన ఉచితం, వెంటనే ఎత్తు వేసేయొచ్చు. తప్పితే పోయిందేమీ లేదు, ఆ కాలం ఎదుటివాడిదే. టీసీఈసీ వంటి నేటి ఇంజిన్ల పోటీల్లో మాత్రం పాండరింగ్ ఉండదు. రెండు ఇంజిన్లూ ఒకే యంత్రం మీద నడిచేటప్పుడు ఒకటి పాండర్ చేస్తే రెండోదాని ప్రాసెసర్‌ను దొంగిలించినట్టే.

✦ యంత్రానికి కంగారు పడటం నేర్పినవాళ్లు కూడా ఉన్నారు.

1997 మేలో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌తో ఆడిన ఐబీఎం యంత్రం డీప్ బ్లూకు ప్రతి ఎత్తు దగ్గరా రెండు గడువులు. మొదటిది మామూలు గడువు, అంటే మిగిలిన సమయాన్ని మిగిలిన ఎత్తులతో భాగిస్తే వచ్చేది. తొలి 40 ఎత్తులకు రెండు గంటలు కాబట్టి సగటున మూడు నిమిషాలు. రెండోదానికి తయారుచేసినవాళ్లు పెట్టిన పేరే ‘పానిక్ టైమ్’. అవసరం పడితే మిగిలిన సమయంలో దాదాపు మూడో వంతు దాకా ఒక్క ఎత్తు మీదే ఖర్చు పెట్టొచ్చు. ఎప్పుడు కంగారు పడాలో కూడా రాసి పెట్టారు. లోతు పెంచి చూసినప్పుడు, తాను నమ్ముకున్న ఎత్తు విలువ ఒక బంటు విలువలో 15 శాతమో అంతకన్నా ఎక్కువో పడిపోతే మామూలు గడువు దాటినా వేయకూడదు, ఇంకా వెతకాలి.

రెండో ఆట 36వ ఎత్తు దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. మంత్రిని ఎదుటివాడి బంట్ల మీదికి తోలే ఎత్తు డీప్ బ్లూకు మొదటి నుంచీ నచ్చింది. గడువు దగ్గరపడేసరికి దాని విలువ జారింది. యంత్రం అలవాటుకన్నా ఎక్కువసేపు ఆలోచించి, ఆ మంత్రి ఎత్తు వదిలేసి బంటుతో బంటును కొట్టింది. చేతికందిన బంట్లను వదిలేసి ఎదుటివాడి ఆటను బిగించే ఎత్తు యంత్రానికి ఎలా తట్టిందని కాస్పరోవ్ నివ్వెరపోయాడు. లోపల మనిషి చెయ్యి ఉందేమోనని అనుమానించాడు. ఆ ఆటలో ఆయన ఓటమి ఒప్పుకున్న పొజిషన్‌లో డ్రాకు దారి ఉందని తర్వాత బయటపడింది. నిజానికి లోపల ఉన్నది మనిషి చెయ్యి కాదు, మనుషులు రాసిన కంగారు సూత్రం.

డీప్ బ్లూకు పూర్వరూపమైన డీప్ థాట్ పుట్టింది కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో. ఆ రోజుల్లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. డీప్ థాట్ తయారుచేసిన జట్టులో థామస్ అనంతరామన్ అనే భారతీయుడూ ఉన్నాడు. 1989లో ఎడ్మంటన్‌లో ప్రపంచ కంప్యూటర్ చెస్ టైటిల్ దానికే వచ్చింది.

✦ యంత్రం దూరంగా ఉంటే గడియారంతో పాటు లైనుకూ భయపడాలి. 1995లో హాంకాంగ్‌లో జరిగిన ప్రపంచ కంప్యూటర్ పోటీలో డీప్ బ్లూ నమూనా ఆడింది, కానీ అసలు యంత్రం ఉన్నది అమెరికాలో. చివరి రౌండులో ఫ్రిట్జ్‌తో ఆడుతుండగా మధ్యలో లైను తెగింది. మళ్లీ కలిపాక, అప్పటిదాకా చేసుకున్న ఆలోచన చేతిలో లేక, కోట కట్టే ఎత్తు వేసి చిక్కుల్లో పడింది. ఒక మామూలు పర్సనల్ కంప్యూటర్ మీద నడిచే ఫ్రిట్జ్ ఆ ఆట గెలిచి, ప్లేఆఫ్ కూడా నెగ్గి టైటిల్ పట్టుకుపోయింది.

✦ ఇంజిన్‌కు గడియారం కళ్లతో కనపడదు, ఎవరో చెప్పాలి. 2000లో ష్రెడ్డర్ ఇంజిన్ రచయిత స్టెఫాన్ మేయర్-కాలెన్, రుడాల్ఫ్ హ్యూబర్ కలిసి రూపొందించిన యూసీఐ అనే సంభాషణ పద్ధతిలో, ప్రతి ఎత్తుకు ముందు తెలుపు దగ్గర ఎన్ని మిల్లీసెకన్లు, నలుపు దగ్గర ఎన్ని, అదనం ఎంత అని ఇంజిన్‌కు ఒక వరుసలో అందుతుంది. ఎత్తు చెప్పాక అది గడియారం దాకా చేరడానికి కూడా కాస్త కాలం పోతుంది. ఆ నష్టం కోసం స్టాక్‌ఫిష్‌లో ‘మూవ్ ఓవర్‌హెడ్’ అనే అమరిక ఉంది. మామూలుగా 10 మిల్లీసెకన్లు. ఇంటర్నెట్ మీద ఆడించేవాళ్లు దీన్ని పెంచుకోకపోతే, గెలిచే ఆటలో ఫ్లాగ్ పడి ఓడిపోయే ప్రమాదం ఉంది.

గడియారం చూడటానికే సమయం పడుతుంది మరి. ప్రతి పొజిషన్ దగ్గరా టైమ్ ఎంతైందని అడిగితే ఇంజిన్ వేగం పడిపోతుంది. అందుకని కొన్ని వందల పొజిషన్లకోసారి మాత్రమే తల తిప్పి చూస్తుంది.

✦ 2017 డిసెంబరులో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం 100 ఆటల్లో స్టాక్‌ఫిష్ 8ని 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడకుండా మట్టి కరిపించిందన్న వార్త అందరికీ గుర్తే. పోటీ నియమం అంతగా చర్చకు రాలేదు. ఎత్తుకు సరిగ్గా ఒక నిమిషం, ఎక్కువా లేదు తక్కువా లేదు. అంటే తేలిక ఎత్తు దగ్గర మిగిల్చుకుని కీలకమైన చోట ఖర్చుపెట్టే స్టాక్‌ఫిష్ నేర్పుకు అక్కడ చోటే లేదు. స్టాక్‌ఫిష్ మూల రచయితల్లో ఒకరైన టోర్డ్ రోమ్‌స్టాడ్ అభ్యంతరాల్లో ఇదొకటి.

ఆ మాట పనిచేసినట్టుంది. ఏడాది తర్వాత ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వివరాల్లో మూడు గంటలు, ఎత్తుకు 15 సెకన్ల అదనంతో మామూలు గడియారం పెట్టి 1,000 ఆటలు ఆడించారు. అయినా ఆల్ఫాజీరో 155 గెలిచింది, 6 ఓడింది. స్టాక్‌ఫిష్ సెకనుకు సుమారు ఆరు కోట్ల పొజిషన్లు చూస్తే, ఆల్ఫాజీరో చూసింది అరవై వేలే. కాబట్టి గడియారం అన్యాయం నిజమే, ఓటమికి కారణం మాత్రం అదొక్కటే కాదు. రెండు వైపులా ఒప్పుకోక తప్పదు.

✦ ఆల్ఫాజీరో బాటలో 2018లో మొదలైన లీలా ఇంజిన్ సమయం ఆదా చేసే తీరు మన ఎన్నికల లెక్కింపులా ఉంటుంది. ఎక్కువసార్లు పరిశీలించిన ఎత్తునే అది చివరకు వేస్తుంది. మొదటి ఎత్తుకు పడ్డ లెక్కకూ రెండోదానికీ ఉన్న తేడా, మిగిలిన సమయంలో వేయగల లెక్క కన్నా ఎక్కువైతే, ఇక చూడటం అనవసరం. మిగిలిన ఓట్లన్నీ రెండో అభ్యర్థికే పడ్డా ఫలితం మారదని తేలాక ఏజెంట్లు లేచి వెళ్లిపోయినట్టే, ఆలోచన అక్కడితో ఆపేసి ఎత్తు వేసేస్తుంది.

✦ స్టాక్‌ఫిష్ ఎదిగింది నిదానమైన ఆటలతో అనుకుంటే పొరపాటు. 2013లో గ్యారీ లిన్‌స్కాట్ మొదలుపెట్టిన ఫిష్‌టెస్ట్ ఏర్పాటులో, ప్రపంచవ్యాప్తంగా వాలంటీర్లు ఇచ్చిన కంప్యూటర్ల మీద ప్రతి చిన్న మార్పునూ వేల ఆటలతో పరీక్షిస్తారు. మొదటి వడపోతకు ఆటకు 10 సెకన్లు, ఎత్తుకు సెకనులో పదో వంతు. అది దాటితే 60 సెకన్లు, ఎత్తుకు 0.6 సెకన్లు. కోల్‌కతా బ్లిట్జ్‌లో అర్జున్‌కు దొరికిన 3 నిమిషాలు ఈ లెక్కలో విలాసమే.

✦ టీసీఈసీని 2010లో నార్వేకు చెందిన మార్టిన్ తోరెసెన్ మొదలుపెట్టాడు. అక్కడ ఆటకు తోడు ప్రేక్షకుల కాలానికి కూడా లెక్క ఉంది. ఫలితం ఎటూ తేలిపోయిందని రెండు ఇంజిన్లూ వరుసగా కొన్ని ఎత్తుల పాటు ఒప్పుకుంటే, మాట్ దాకా ఆడించకుండా ఆట ముగించేస్తారు. డ్రా విషయంలోనూ అంతే. బోర్డు మీద రాజులతో కలిపి ఏడు పావులో, అంతకన్నా తక్కువో మిగిలితే ఫలితం సిజిజీ టేబుల్‌బేసుల్లో ముందే రాసి ఉంటుంది. ఏడు పావుల పట్టికలు 2018లో పూర్తయ్యాయి, మొత్తం పదిహేడు టెరాబైట్ల దాకా ఉంటాయి. పాత డిస్క్ మీద పెడితే వాటిని చదవడానికే సమయం పోతుంది.

✦ బోర్డు మీద వేయడానికి ఒకే ఒక్క ఎత్తు ఉందనుకోండి. మనిషైతే వెంటనే వేస్తాడు. స్టాక్‌ఫిష్ మాత్రం అప్పుడు కూడా వెతుకుతుంది, కాకపోతే అర సెకను దాటనివ్వరు. ఆ పరిమితి ఎందుకు పెట్టారో ప్రోగ్రాం రాసినవాళ్లు పక్కనే వ్యాఖ్యగా రాసుకున్నారు: పోటీలు చూసేవాళ్లకు చూడముచ్చటగా ఉండటానికట.